మందు తగలని గుడ్లు

మా చేపపిల్లల కేంద్రంలో మొదటి సిమెంటు తొట్టి కట్టించింది నేను. గుడ్లు అడుగున పేరుకుని కుళ్ళిపోతుంటే, నీరు గుండ్రంగా తిరిగే ఏర్పాటు చేసిందీ నేనే. ఊరి బడిలో అయిదు దాకా చదివి పెద్ద మేస్త్రీనయ్యాను. అవన్నీ అలా ఉంచితే, ఆ కేంద్రానికి నేను చేసిన అసలు మేలు మా చెల్లెల్ని పనిలో పెట్టించడం.

అందరూ దాన్ని డేగ అంటారు. గాజుపూసల్లాంటి గుడ్ల మధ్య చచ్చి తెల్లబడినదాన్ని నిలబడ్డ చోటి నుంచే పట్టేస్తుంది. చచ్చినదానికి బూజు పడితే పక్కవాటికీ అంటుకుంటుంది కనక, సన్నటి గొట్టంతో పీల్చి పారేస్తుంది. మిగిలినవాటిని మందునీళ్ళలో జాడిస్తుంది. అది జాడించని గుడ్డు మా గుమ్మం దాటలేదు.

నా కూతుర్ని ప్రయోగశాల దాకా చదివించిందీ నేనే. తల్లిచేప గుడ్డులోనే కొన్ని ప్రొటీన్లు పెట్టి పంపుతుందట. పిండానికి సొంత బలం వచ్చేదాకా సూక్ష్మక్రిములను అవే చంపుతాయట. చేపలు గుడ్లు పెట్టే కాలం ముగిసేలోగా అది రుజువు చెయ్యకపోతే దాని పరిశోధన ఆపేస్తామన్నారు పైవాళ్ళు.

దాని మేనత్త, అంటే మా చెల్లెలే, గుడ్లిచ్చింది. నా కూతురు వాటిని నూరి, క్రిములు పెంచిన గాజుపళ్ళెంలో ఆ రసం చుక్క వేస్తే, చుట్టూ క్రిములు చచ్చి పెద్ద తేట వలయం ఏర్పడింది. అంత పెద్దది చూసేసరికి దానికి అనుమానం వచ్చింది. పరుగున వచ్చింది.

"అత్తా, వీటికేమైనా పట్టించావా?"

"పట్టించకుండా ఇస్తానా? రెండుసార్లు జాడించా. పుట్టింటి పిల్లకి మురికివి అంటగడతానా?"

"కొంప ముంచావు! క్రిముల్ని చంపింది గుడ్డో, నీ మందో ఎలా చెప్పను?"

"చచ్చాయిగా! ఎవరు చంపితే నీకేంటే?"

అప్పటికి గుడ్లతో ఉన్న చేప ఒక్కటే మిగిలింది. కడుపు నిమిరి, ఇవాళే పెడుతుందని తేల్చాను. అందులో నాకు సాటి లేరు. పెట్టింది. పిండాలు కదిలేదాకా మందు తగలకూడదంది నా కూతురు. చెల్లెలు తొట్టి పక్కనే చేతులు కట్టుకు కూర్చుంది, ముక్కు తుడవని పిల్లాణ్ణి పెళ్ళికి తీసుకెళ్ళిన తల్లిలా.

"అన్నయ్యా, ఒక్కసారి ముంచనా?"

"మందు సీసా నా సంచిలో ఉంది. అడక్కు."

"ఇంత రాతిగుండె ఎక్కణ్ణించి తెచ్చావన్నయ్యా!"

తెల్లబడినవి మాత్రం ఏరుకోనిచ్చాం. కదిలే పిండాలను నా కూతురు పట్టుకెళ్ళింది. మళ్ళీ రసం, మళ్ళీ పళ్ళెం. ఈసారి ఇద్దర్నీ ప్రయోగశాలకు పిలిచింది. చుక్క చుట్టూ చిన్న వలయం, నీళ్ళంత తేటగా.

చెల్లెలు పెదవి విరిచింది. "మొన్నటిదే పెద్దగా ఉందన్నావు కదే."

"అది నీ మందుది అత్తా. ఇది తల్లిది."

చెల్లెలు పళ్ళెం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"గట్టిదే," అంది చివరికి. "అయినా తొట్టిలో మిగిలినవాటిని రేపటి నుంచి నేను జాడిస్తా. అన్నయ్యా, సీసా ఇటివ్వు."