రెండూ ఎడమ కాలివే

మా అత్తవి బాగా వెడల్పు పాదాలు. నేను చెన్నైలోని తొండియార్‌పేటకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె మగవాళ్ళ చెప్పులే వేసుకునేది. పురసవాక్కంలో ఆమె ఎక్కని చెప్పులంగడి లేదు. ఏ జత తొడిగినా చిటికెన వేళ్ళు బయటే ఉండేవి.

ఒకరోజు నా ఫోన్‌లో వెడల్పు పాదాల ఆడవాళ్ళకని కుట్టిన చెప్పులు కనబడ్డాయి. ఎర్ర పట్టీలు, కొంచెం మడమెత్తు. చూపించగానే ఆమె ఫోన్ లాక్కుంది.

“ముందే కట్టాలి అత్తా. ఇంటికి వచ్చాక డబ్బులిస్తామంటే కుదరదంట.”

“వస్తువు చూడకముందే కాసు ఇచ్చేదా? వాడెవుడో, యాడుంటాడో!”

ఆమె ఫోన్‌లోనూ వాలెట్ ఉంది. కూరగాయలకీ ఆటోకీ ధైర్యంగా వాడుతుంది. అక్కడ మనిషి ఎదురుగా ఉంటాడు కదా. ఇక్కడ బొమ్మ తప్ప ఏమీ లేదు. అయినా ఆ ఎర్ర పట్టీలు ఆమెను వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూనే, “సరి, కట్టేస్తాం. పోతే పోనీ” అని తానే రహస్య సంఖ్య నొక్కింది.

పెట్టె వచ్చింది. విప్పి చూస్తే రెండూ ఎడమ కాలి చెప్పులే! నేను పెట్టె మీద ఫిర్యాదు నంబరు వెతకసాగాను. అత్త మాత్రం రెండూ తొడుక్కుని గదిలో నాలుగడుగులు వేసింది.

“ఏమ్మే, ఇట్ల పోతే చర్చికి చేరను. చుట్టూ తిరగతానే ఉంటా” అంది. ఇద్దరం నవ్వాపుకోలేక నేల మీద కూలబడ్డాం.

ఫిర్యాదు నంబరుకు తనే ఫోన్ చేసింది. అవతల తెలుగు మాట్లాడే అమ్మాయి దొరికింది.

“అమ్మా, రెండూ ఎడమవేనాండీ?”

“చెప్పులు ఎడమవి తల్లీ. నా కాళ్ళు సరిగానే ఉండాయి.”

ఆ పిల్ల పకపకా నవ్వి, క్షమించమని అడిగింది. చెప్పులు వెనక్కి తీసుకుపోయిన మర్నాడే డబ్బు మొత్తం వాలెట్‌లో పడింది. అత్త ఆ మెసేజ్‌ను నాచేత చదివించుకుని, తర్వాత తానూ చదువుకుంది.

“మళ్ళీ అదే జతకు ఆర్డరు పెట్టు” అంది.

“మళ్ళీ ముందే కడతారా?”

“తప్పు జరిగితే తిరిగి ఇచ్చినారు గదా! ఆడ అంగట్లో బిల్లు చూపించినా మొహం తిప్పుకుంటారు. కట్టుమే.”

ఈసారి కుడీ ఎడమా సరిగ్గా వచ్చాయి. ఆదివారం ఆమె టకటకలాడించుకుంటూ చర్చిలోకి నడిస్తే, వెనక వరసలో ఆడవాళ్ళందరూ కిందికే చూశారు. ఆ సాయంత్రమే ముగ్గురు తమకూ అలాంటివే తెప్పించమని మా ఇంటికొచ్చారు. అత్త నేల మీద పేపరు పరిచి, ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టి, పెన్సిలుతో పాదం చుట్టూ గీస్తోంది. చక్కిలిగిలి పుట్టి వాళ్ళు నవ్వుతుంటే గీత వంకర పోతోందని కసురుతోంది.