గంగమ్మను తిట్టే మనిషి

దేవుడికి ఏ భాష వస్తుందన్న చర్చ పుస్తకాల్లో చాలా చదివాను. బడిలో మూడో తరగతి దాటనివాణ్ణి, గనిలో షిఫ్టు దిగాక లైబ్రరీలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. దేవభాష ఒక్కటేనని ఎవరైనా రాస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళెవరూ మా అక్కను వినలేదు.

బంగారు గని ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలుండే మా లైన్లలో గంగమ్మ జాతరనాడు, అమ్మవారి పల్లకి గుడి దాటే ముందు ఒక ముసలామె ఎదురుగా నిలబడి అమ్మవారిని తిట్టాలి. తిడితేగానీ అమ్మ మన వైపు చూడదని నమ్మకం. గని దుమ్ముకు బావ ఊపిరి ఆగిన ఏడాది నుంచీ ఆ పని అక్కదే. తిట్టుపాట ముందుగా ఏమీ కట్టి పెట్టుకోదు. అమ్మవారి ముఖం చూశాకే మాట పుడుతుంది.

"తవ్వినోడి ఊపిరి మన్నుల కలిసె,
తల్లీ, నీ ముక్కున ముక్కెర మెరిసె."

దేవత ముందా, మాట ముందా అని నేను పుస్తకాల్లో వెతుక్కునేవాణ్ణి. ఇక్కడ మాత్రం అక్క నోరు విప్పేదాకా అక్కడున్నది రాయి. విప్పాక ఎవరో వింటున్నట్టు అందరికీ ఒళ్ళు జలదరించేది.

ఈ ఏడాది జాతర కమిటీ పెద్ద అడ్డుపడ్డాడు.

"అవ్వా, ఇంగ తిట్లు వద్దు. ఫోన్లల్లో లైవ్ పోతా ఉండాది. స్పీకర్లో స్తోత్రం పెట్టినాము."

"స్తోత్రం ఆయమ్మ దినామూ వింటాదప్పా."

"జనం ఏమనుకుంటారు?"

"జనాన్ని తిట్టలేదు కదా."

నేను ఊరుకోలేకపోయాను. "నీ పెండ్లాం తిట్టకుంటే నువ్వు టయానికి ఇంటికి పోతావా అప్పా?" అన్నాను. అందరూ నవ్వారు. స్పీకర్ మాత్రం ఆగలేదు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నేను తిట్టకుంటే మీ బావ సంగతి ఈ ఏడు ఆయమ్మకు ఎవురు చెప్తారు?"

చేతికర్ర నాకిచ్చి తిన్నగా పల్లకి దగ్గరికి నడిచింది. పూలదండలు పక్కకు జరిపి అమ్మవారి చెవికి నోరు ఆనించింది. చెవులు పగిలే ఆ స్తోత్రం కింద ఆమె పెదవులు చాలాసేపు కదిలాయి. కమిటీ పెద్ద కూడా ఆపలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇన్నేళ్ళలో ఆమె కట్టినవాటిలో అదే గొప్పదని నా నమ్మకం. ఒక్క ముక్కా నాకు వినిపించలేదు. కమిటీ మీద ఆ కోపం ఇంకా చల్లారలేదు.

పల్లకి లేచాక అడిగాను. "ఏమని తిట్టినావక్కా?"

"అది నాకూ ఆయమ్మకూ," అంది. "తాగేకి కాపీ యాడన్నా దొరుకుతాదేమో చూడప్పా. గొంతు ఎండిపోయింది."