కడప బండ మీద నీలి పొడి

కోడుమూరులో ఎండలు ముదిరితే బస్టాండు ఎదుట కిరాణా అంగడి ముందు చలివేంద్రం వెలుస్తుంది. నాలుగు గుంజలు, పైన జొన్న చొప్ప, కింద నీళ్లు. విలేకరిగా తిరిగిన రోజుల్లో బస్సు కోసం ఆ నీడలోనే నిలబడేవాణ్ని. ఉద్యోగం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు.

అంగడాయన తండ్రి ఉన్నప్పుడు అక్కడ కుండలుండేవి, వాటిలో బోరునీళ్లు. ఆ నీళ్లే తాగి తాగి పెద్దాయన వెన్ను వంగిపోయింది. చివరి ఏళ్లలో ఎదుటి మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పి చూసేవాడు. ఫ్లోరైడని డాక్టర్లు చెప్పారు. పోయేముందు కొడుకును పిలిచి చలివేంద్రం ఆపొద్దని, బోరునీళ్లు మాత్రం ఎవరికీ పోయొద్దని చెప్పాడట. దాంతో కుండలు అటకెక్కాయి. ఊళ్లో నీళ్లు శుద్ధి చేసి అమ్మే ప్లాంటు నుంచి తెచ్చే నీళ్ల కోసం నీలం రంగు క్యాన్లు వచ్చాయి.

క్యాన్లు అంగడాయన సొంతం. ప్లాంటు వాళ్లు సరిగ్గా కడగరని రోజూ పొద్దున్నే తానే కడిగి పంపేవాడు. ఎండకు లోపల పాచి పడుతుంది, మూతిలోంచి చెయ్యి దూరదు. అందుకని రెండు పిడికిళ్ల ఇసుక, చెంబెడు నీళ్లు పోసి మూత బిగించి, అంగడి ముందున్న కడప బండ మీద క్యానును కాలితో ముందుకీ వెనక్కీ దొర్లించేవాడు. మా ఇళ్లలో ఇత్తడి బిందెలు తళతళలాడింది ఇసుకతోనే. ఐదారేళ్లు చూశాను గానీ నాకూ అందులో తప్పు కనిపించలేదు.

పోయిన వేసవిలో ఒకరోజు బస్సు ఆలస్యమైంది. ఆయన క్యాను కడిగిన నీళ్లు పారబోసి లోపలికి వెళ్లాడు. నల్లటి బండ మీద తడి ఆరింది, ఇసుక గాలికి జరిగింది. కింద సన్నని నీలి పొడి మిగిలింది. వేలు తడి చేసి అద్దితే అంటుకుంది. క్యానును ఎండకెత్తి చూశాను. లోపలి గోడలన్నీ గీతలు పడి పాలు పోసినట్టు తెల్లబారాయి.

ఆయన బయటికొచ్చి నవ్వాడు. "ఏమప్పా, యాడా వార్త దొరక్క నా బండ నాకుతాండావా?"

వేలు చూపించాను. నవ్వు ఆగింది. గీతల్లోంచి ఆ పొడి రోజూ కొత్త నీళ్లలోకి రాలుతూ ఉంటుందన్నాను. కంటికి ఆననంత సన్నని ప్లాస్టిక్ ముక్కలు తాగే నీళ్లలోనే కాదు, మనుషుల రక్తంలోనూ కనబడుతున్నాయని చదివింది చెప్పాను. ఒంట్లో ఏం చేస్తాయని అడిగాడు. అనుమానాలు శానా ఉన్నాయి గానీ ఇంకా పూర్తిగా తేలలేదన్నాను. ఆ మాట ఆయనకు ధైర్యమివ్వలేదు. నాకూ ఇవ్వలేదు. ఫ్లోరైడు సంగతి తేలేసరికి ఆయన తండ్రి వెన్ను అప్పటికే వంగి ఉంది.

బండ మీది నీళ్లు పోయే కాలువ వైపు చూశాడు. అది వంకలో కలుస్తుంది, వంక హంద్రీ నదిలో. ప్లాంటు వాళ్ల బోరు హంద్రీ గట్టునే ఉంది.

"మా నాయన వంగింది అందరికీ కనపడె. ఇది ఎవురికి కనపడ్తాదప్పా?"

వారం తర్వాత వెళ్తే చలివేంద్రంలో క్యాన్లు లేవు. తడి గోనెపట్టా చుట్టిన కుండలున్నాయి. కూలికి పోయే ఒక ముసలమ్మ చెంబెత్తి తాగి, కుండ నీళ్లు తాగి ఎన్నేండ్లయిందో అంటూ ఆయన్ను దీవించి బస్సెక్కింది. ఆయన తలూపాడు గానీ నా వైపు చూడలేదు.

ఆయన వెంట అంగట్లోకి వెళ్తే బియ్యం మూటల వెనక కొత్త నీలం క్యాన్లు వరుసగా ఉన్నాయి. ఇసుకతో తోమడం మానేశాడట. పాతవాటిని సగానికి కోసి దొడ్లో మేకలకు నీళ్లు పెడుతున్నారు. కుండల్లోకి పోసేది మాత్రం ఈ కొత్త వాటిలోంచే. ఇవీ ప్లాస్టిక్కే. ప్లాంటులో ట్యాంకులూ, పైపులూ అంతే.

"ఏం పొయ్యమంటావు మరి? బోరుదా?"

దాహంగా ఉంది. బయటికొచ్చి కుండలో చెంబు ముంచుకుని తాగాను. మట్టి వాసనతో చల్లగా ఉన్నాయి నీళ్లు. చెంబు అడుగున ఏమీ కనిపించలేదు.