జర్వలీ ఖాన్ పొట్టేలు

రెడ్ డీర్ ఊరు దాటి ఎంతో దూరం రాలేదు, వ్యాన్ వెనక భాగంలో ఎవరో గట్టిగా తుమ్మారు. శేషగిరి ఉలిక్కిపడి తిరిగి చూశాడు. వాక్యూమ్ గొట్టాల మధ్య, కార్పెట్ షాంపూ డబ్బాలకు ఒళ్లానించి, బలిసిన పొట్టేలు ఒకటి ఆయన్నే చూస్తోంది.

"కంగారు పడకండి సాబ్. వాడిదీ ఎడ్మంటన్ టికెట్టే," అన్నాడు డ్రైవ్ చేస్తున్న జర్వలీ ఖాన్.

శేషగిరి కాల్గరీలో ఆయిల్ కంపెనీ జియాలజిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎడ్మంటన్‌లో స్నేహితుణ్ణి చూడబోతూ ఉంటే రెడ్ డీర్ దగ్గర కారు మొరాయించింది. టో ట్రక్కు దాన్ని ఈడ్చుకుపోయాక, గ్యాస్ స్టేషన్‌లో కాఫీ కప్పుతో దిక్కులు చూస్తున్న ఆయన్ని పిలిచి ఎక్కించుకున్నాడు జర్వలీ. హైదరాబాదులో చదువుకున్ననాటి ఉర్దూ శేషగిరికి ఇంకా నోట్లో ఆడుతూనే ఉంది. అదొక్కటి చాలు, ఇద్దరు ముసలివాళ్లకు దారి పొడవునా కబుర్లే.

జర్వలీ పఠాన్, మర్దాన్ దగ్గర పొగాకు పండే పల్లెవాడు. కాల్గరీకి వచ్చి ఏళ్ల తరబడి టాక్సీ నడిపాడు, నడుం పట్టేశాక కార్పెట్లు కడిగే పనిలోకి దిగాడు. భార్య రుఖ్సానాది అదే రాష్ట్రంలోని అబోటాబాద్. ఆమె పఠాన్ కాదు, ఇంట్లో హింద్కో భాష మాట్లాడే కుటుంబం. ఇద్దరూ కాలేజీలో ఇష్టపడి పెద్దల్ని ఒప్పించి పెళ్లి చేసుకున్నారు.

వాళ్ల రాష్ట్రానికి తెల్లవాళ్లు పెట్టిన పేరు వాయవ్య సరిహద్దు రాష్ట్రం. ఎవరికి వాయవ్యం? కలకత్తాలో కుర్చీ వేసుకుని కూర్చున్న దొరకి. పంజాబీలకు పంజాబ్ ఉంది, సింధీలకు సింధ్ ఉంది, పఠాన్లకు మాత్రం ఒక మూల ఉంది. ఆ మాటకొస్తే అబోటాబాద్ కూడా ఒక దొరగారి పేరే, ఈ వ్యాన్ పరుగెడుతున్న ఆల్బెర్టా ఒక రాణిగారి కూతురి పేరు. పేర్లు పెట్టినవాళ్లు పెట్టి హాయిగా వెళ్లిపోతారు. కొట్టుకునేది తర్వాత అక్కడ బతికేవాళ్లు. శేషగిరిది అమలాపురం. జిల్లా పేరు మార్చారని తను పుట్టిన ఊళ్లో ఇళ్లు తగలబడుతుంటే ఆయన కాల్గరీలో సోఫా మీద కూర్చుని ఫోన్‌లో చూశాడు. అందుకని జర్వలీ చెప్పేదానికి కొత్తగా ఆశ్చర్యపోలేదు.

రెండు వేల పదిలో ఆ రాష్ట్రానికి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అని పేరు పెట్టారు. తాతల కాలం నుంచి అడుగుతున్న పేరు. ఆ రోజు జర్వలీ టాక్సీలు ఆగే చోట నిలబడి, సర్దార్జీలకూ సోమాలీలకూ కూడా జిలేబీలు పంచాడు. ఎవరో తీసిన ఫోటో ఊళ్లన్నీ తిరిగింది. కానీ అబోటాబాద్ వైపు జనం, పేరులో మేమెక్కడ అంటూ రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి. పోయినవాళ్లలో రుఖ్సానా చిన్న తమ్ముడు ఒకడు. ఎడ్మంటన్‌లో ఉన్న ఆమె అన్న ఇఫ్తిఖార్ ఆ ఫోటో చూశాడు. అప్పటి నుంచి వీళ్ల గడప తొక్కలేదు.

"నేను పంచింది వాడు పోవడానికి ముందు సాబ్. ఫోటో మీద తేదీ ఉండదు కదా," అన్నాడు జర్వలీ.

సోమవారం కాల్గరీలో రుఖ్సానాకు గుండె ఆపరేషన్. మత్తు ఇచ్చేముందు అన్న ముఖం ఒక్కసారి చూడాలంది. అడిగిందల్లా అదే. జర్వలీ ఫోన్ చేస్తే అతను ఎత్తడు. అందుకే పొట్టేలు. తప్పు చేసిన పఠాన్ పొట్టేలును తోలుకుని అవతలివాడి గుమ్మం ముందుకు వెళ్తాడు. దాన్ని ననవాతె అంటారు. అలా వచ్చినవాణ్ణి క్షమించకుండా పంపడం ఇంటివాడికి పరువు తక్కువ. రెడ్ డీర్ పక్కన ఒక రైతు దగ్గర మంచిదాన్ని ఏరి మరీ కొన్నాడు.

ఆ ఇంటివాడు పఠాన్ కాదు కదా అన్న అనుమానం శేషగిరికి రాకపోలేదు. ఎక్కించుకున్నవాడి ఆశ మీద నీళ్లు చల్లడమెందుకని మింగేశాడు.

ఎడ్మంటన్ చేరేసరికి మంచు పలచగా పడుతోంది. ముందు పని చూసుకో, తర్వాత నన్ను దింపుదువుగాని అన్నాడు శేషగిరి. ఇఫ్తిఖార్ ఇంటి ముందు జర్వలీ పొట్టేలును దించి, తాడు మెట్ల కమ్మీకి కట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బెల్ కొట్టకముందే తలుపు తెరుచుకుంది. ఇఫ్తిఖార్ కోటు వేసుకుని, చేతిలో చిన్న బ్యాగుతో ఉన్నాడు. బావను చూశాడు. పొట్టేలును చూశాడు. బ్యాగు నెమ్మదిగా కింద పెట్టాడు.

"నీ కూతురు పొద్దున ఫోన్ చేసింది," అన్నాడు. "చెల్లెలి దగ్గరికే బయల్దేరాను. ఇంతలో నువ్వు దీన్ని తెచ్చి కట్టావు."

"క్షమించమని వచ్చాను భాయ్."

"తెలుసు. మీ పక్కనే పుట్టాం, మీ ఆచారాలు మాకు తెలీవా? మా నేల మీద మీ పేరు పెట్టారు, ఇప్పుడు నా గుమ్మానికి మీ పొట్టేలు. దీన్ని దాటుకుని నేను బయల్దేరితే తమ్ముడి నెత్తురు మాఫీ చేసినట్టే. రేపు మర్దాన్‌లో అదే చెప్పుకుంటారు. నేను మాఫీ చెయ్యలేదు ఖాన్. నా వల్ల కాదు."

శేషగిరి ఉండబట్టలేక మెట్లెక్కాడు. దీన్ని వ్యాన్‌లోకి ఎక్కించేద్దాం, అసలు తేలేదనుకుందాం, మీరు మీ చెల్లెలి కోసం రండి, ఎవరూ ఎవరినీ క్షమించనక్కర్లేదు అన్నాడు. ఇఫ్తిఖార్ వేలు కోటు గుండీ మీద ఆగింది. ఇద్దరూ జర్వలీ వైపు చూశారు.

జర్వలీ తాడు దాకా వంగాడు. ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పలేను సాబ్," అన్నాడు చివరికి. "విప్పితే క్షమాపణ వెనక్కి తీసుకున్నట్టు. పోయినవాడు చిన్నపిల్లాడిగా నా భుజాల మీద తిరిగినవాడు. వాడి విషయంలో నేను అలా చెయ్యలేను."

"చెల్లెలి మొహం చూసైనా," అన్నాడు శేషగిరి, ఇద్దరిలో ఎవరితో అంటున్నాడో తనకే తెలియకుండా.

ఇఫ్తిఖార్ కోటు విప్పలేదు, గడప దాటలేదు. పొట్టేలు మెట్ల పక్కన మంచులోంచి తేలిన ఎండుగడ్డిని కొరుకుతోంది. జర్వలీ లేచి, పొట్టేలును అక్కడే వదిలి, టోపీ పెట్టుకుని, వ్యాన్‌ను కూడా దాటి, పేవ్‌మెంట్ మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు. శేషగిరి రెండుసార్లు పిలిచాడు. వీధి మలుపు దాకా అతను వెనక్కి తిరగలేదు.