ఏలీయాకి కాకి తెచ్చిన మాంసం

ఛీ! పొద్దున్నే బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మీద కాకి కోడిపేగు ముక్క పడేసిపోయింది. పుల్లతో తీసి కింద పడేశాను. వెంటనే చిన్నప్పటి మన అక్కుపల్లి సముద్రపు ఒడ్డు గుర్తొచ్చింది.

తొంభై ఎనిమిదో తొమ్మిదో. ఆదివారం బిస్కెట్ల కోసం బైబిలు కథలకి పరిగెత్తేవాళ్ళం, గుర్తుందా? ఓ రోజు టీచరమ్మ ఏలీయా ప్రవక్త కథ చెప్పింది. దేశమంతా కరువొస్తే దేవుడు ఆయన్ని వాగు పక్కన దాచి, పొద్దునా సాయంత్రమూ కాకులతో రొట్టే మాంసమూ పంపించాడట. మన పిల్లల్లో మీరంతా చేతులు జోడించారు. నాకు మాత్రం వాంతొచ్చినంత పనైంది. మన కాకులు ఏం తింటాయో నాకు తెలీదా? కుళ్ళిన చేప పేగులు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కుక్క కళ్ళు! ఆ ముక్కుతో తెచ్చిన మాంసమా?

ఇంటికెళ్ళేసరికి అమ్మమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. మిగతా కాకులు భయపడి వాలకుండా పక్కనే కర్రకి ఓ చచ్చిన కాకిని వేలాడదీసింది. దాని కంపు, దాని చుట్టూ ఈగలు! ముక్కు మూసుకునే కథంతా చెప్పి, "కాకెంగిలి ఎలా తిన్నాడే అమ్మమ్మా, ఛీ!" అన్నాను.

అమ్మమ్మ నవ్వలేదు.

"రెండు పూటలా తెచ్చీదేటి?"

"ఆఁ."

"మీయమ్మ సిన్నప్పుడు ఓ ఏడు వాన్లేదు, సముద్రం మీద సేపల ఏట లేదు. ఒడ్డున సేప పొట్టు కూడా దొరక్క కాకులే ఊరొదిలేసి ఎల్లిపోనాయి. అవి తెచ్చుంటే మేవూ తినీవోలమే."

ఇవాళ ఆ తువ్వాలు పారేశాను. చెయ్యి ఎన్నిసార్లు కడిగినా కంపే. కాకిని మాత్రం తిట్టలేకపోయాను.