నెహెమ్యా అంటించిన బొట్టుబిళ్ళ

ఒకసారి చేసిన పనిని రెండోసారి చేత్తో చెయ్యమంటే మా నెహెమ్యాకు జ్వరం వచ్చేది. నందిగామలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఆయన చేతిలో ఉండేది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సు. కండక్టరు రోజూ "ఎక్కడికండీ?" అని అడుగుతున్నాడని "నందిగామ, ఒకటి" అని అట్టముక్క మీద రాసి జేబుకు తగిలించుకున్నాడు. ల్యాబ్ గుమ్మంలో టేపురికార్డరు పెట్టాడు. "చెప్పులు బయట విడవండి" అని అదే అరిచేది. తనిఖీకొచ్చిన పెద్దల మీదా అరిచింది.

"ఇంత బద్ధకమేంటయ్యా?" అంటే, "రెండోసారా? నా వల్ల కాదండి" అనేవాడు.

2004లో ప్రాక్టికల్స్ ముంచుకొచ్చాయి. నలభై కంప్యూటర్లకూ వైరస్. అన్నిటినీ తుడిచేసి సిస్టమ్ మళ్ళీ ఎక్కించాలి. ఆ పని ల్యాబ్ అసిస్టెంట్ సాంబయ్యది. ఆయన కళ్ళకు శుక్లాలు. కిందటేడు ఒక్కోదాంట్లో సీడీ పెట్టి, తెరకు ముక్కు ఆనించి చదువుతూ వారం తీసుకున్నాడు. అందులోనూ సగం తప్పులు.

"శనివారం సాయంత్రానికి అన్నీ సిద్ధం కాకపోతే సాంబయ్యని మాన్పించేస్తా" అన్నారు ప్రిన్సిపాల్ తిరుపతిరావు గారు.

నేను నెహెమ్యా దగ్గరికి పరిగెత్తాను.

"నువ్వో ఇరవై చెయ్యవయ్యా, ఆయన ఉద్యోగం నిలబడుద్ది!"

"ఇరవైసార్లా? నా వల్ల కాదండి."

శుక్రవారం దాకా ఒక్క సీడీ ముట్టలేదు మహానుభావుడు. మూలనున్న సర్వర్ ముందు కూచుని టకటకా ఏదో కొడుతూనే ఉన్నాడు. నేను తిట్టని తిట్టు లేదు. "నా రాత లెండి" అంటూ సాంబయ్య సీడీలు తుడుచుకుంటూ కూచున్నాడు.

శనివారం మూడింటికి ప్రిన్సిపాల్ గారు వచ్చారు. టేపు అరిచింది, చెప్పులు విడిచారు.

"సాంబయ్యగారూ, ఇటొచ్చి ఇది నొక్కండి" అన్నాడు నెహెమ్యా. సర్వర్ కీబోర్డులో ఒక మీట మీద ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంది. సాంబయ్య వచ్చి నొక్కాడు. నలభై తెరలూ ఒక్కసారి నల్లబడ్డాయి.

"కొంప ముంచావయ్యా!" అని ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కూలబడ్డారు.

ఇంతలో తెరలన్నీ వెలిగాయి. సర్వర్ నుంచి కేబుళ్ళ గుండా సిస్టమ్ దానంతటదే ఎక్కడం మొదలైంది. నాలుగున్నరకల్లా నలభై సిద్ధం.

"ఎవరు చేశారయ్యా ఇదంతా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"సాంబయ్యగారేనండి. నొక్కడం మీరే చూశారుగా."

బయటికొచ్చాక నెహెమ్యాని నిలదీశాను. "ఆయనకి ముందే చెప్పొచ్చుగా? వారమంతా ఏడిపించావు!"

"పనిచేసుద్దో లేదో తెలీకుండా ఆశ పెట్టనా అండి?"

"మరి ఆ బొట్టుబిళ్ళ?"

"ఆయనకి అక్షరాలు ఆనవు, ఎరుపు ఆనుద్ది. పక్కింటి భారతీదేవి గారినడిగి తెచ్చా."

సోమవారం ప్రిన్సిపాల్ గారే గుమ్మంలో చెప్పులు విడిచి, "సాంబయ్యగారూ, నా కంప్యూటరూ కాస్త నొక్కిపెట్టండి" అని అడిగారు.

ఆ తర్వాత వైరస్ వచ్చినప్పుడల్లా సాంబయ్యే నొక్కేవాడు. నొక్కీ నొక్కీ ఆ బిళ్ళ ఊడిపోయేది. ఊడినప్పుడల్లా నెహెమ్యా తన చేత్తోనే కొత్తది అంటించేవాడు.

"ఎన్నోసారయ్యా ఇది?" అన్నాను ఒకరోజు, దొరికాడుగా అని.

"లెక్కపెట్టలేదండి" అన్నాడు, తలెత్తకుండా.