అత్తమ్మ కిటికీకి అడ్డంగా

ఎనభయ్యో దశకం మొదట్లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, కరీంనగర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర నక్షలు గీస్తుండేవాణ్ణి. చెన్నూరులో మా పెంకుటింటి వెనక స్లాబు వేసి, రెండు గదులూ హాలూ కట్టిద్దామన్నాడు బాపు. నక్ష నన్నే గియ్యమన్నాడు.

ఇంటి వెనక గదిలో మేనత్త ఉండేది. భర్త పోయాక మా దగ్గరికే వచ్చింది. ఆ గదికున్న ఒక్క కిటికీ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. తన ఖర్చులకు ఎవరినీ అడిగేది కాదు. నేననుకున్నంత పెద్ద హాలు రావాలంటే గోడ ఆ కిటికీకి అడ్డం పడుతుంది. గీసేటప్పుడే నాకు తెలుసు.

పునాదికి ముగ్గు పోసిన రోజు మేస్త్రి టేపు పట్టుకుని ఆగాడు.

“సార్, గీ గోడ లేస్తే అమ్మ కిటికీ మూసుకపోతది. మూడు ఫీట్లు జరుపుదామా?”

“నక్షల ఉన్నట్టు కట్టు,” అన్నాను.

కోతల పనిమీద వారం రోజులు పొలం దగ్గరే ఉన్న బాపు, వచ్చి గోడ చూసి మండిపడ్డాడు. “అక్క గదికి ఎలుతురెట్లొస్తది? ఎవడు చేసిండు గిది?”

“మేస్త్రి కొలత తప్పిండు బాపు.”

మేస్త్రి నా మొహంలోకి చూశాడు. బాపు రేపటి నుంచి రావద్దంటే తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు. గోడ కూలగొట్టిస్తానన్న బాపును, పునాది మళ్లీ తవ్వాలని చెప్పి నేనే ఆపాను.

కొత్త హాలును అందరూ మెచ్చుకున్నారు. అత్తమ్మ వెలుతురు కోసం ముందరి అరుగు మీదికి మారింది. వచ్చిపోయేవాళ్లు చూస్తున్నారని బాపు ఇబ్బందిపడ్డాడు. ఒకరోజు ఆమె బీడీల చాట, కత్తెర అటకెక్కించేసింది.

రెండేళ్లకు నాకే ఉండబట్టలేదు. “పక్క గోడకు కిటికీ తీపిస్త అత్తమ్మా.”

“నా సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. గా మేస్త్రికి తప్పైందని చెప్పుకో. ముగ్గు పోసిన్నాడు మీరు మాట్లాడింది నేను కిటికీల కూసోని ఇన్న.”

మేస్త్రి మందమర్రిలో పనిచేస్తున్నాడని తెలిసి బస్సెక్కాను. నన్ను చూడగానే గోడ దిగివచ్చాడు. “బాపు మంచిగున్నడా సార్?” అన్నాడు. చాయ్ తాగించాడు. స్లాబు కారుతోందా అని అడిగాడు. లేదన్నాను. వచ్చిన పని చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను.

అత్తమ్మ ఎదురుచూస్తోంది. “చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమన్నడు?”

“ఏమనలే అత్తమ్మా.”

ఆమె మొహం తేటపడింది. “మంచోడు,” అన్నది.